మామూ పేరు మీద ఒక జీపు



పోయిన జుమ్మా నమాజ్ తర్వాత ఒక కబాడీ ఆయన కోరుట్లలో మా మామూ ఇంటి సహన్‌లోకి వచ్చాడు. మూలకు నిలబడ్డ జీపు చుట్టూ రెండు చక్కర్లు కొట్టాడు. బానెట్ మీద తట్టాడు. కింద వంగి చాసిస్ చూశాడు. "ఇనుము బరువుకు తీసుకుంటా సాబ్. గుంజుకపోయే ఖర్చు కూడా నాదే" అన్నాడు. మామూ తఖ్త్ మీద కూర్చుని తస్బీహ్ తిప్పుతున్నారు. కోపం రాలేదు. "కూర్చో, చాయ్ తాగిపో" అన్నారు. అంతే. కబాడీ ఆయనకు జవాబు అర్థమైంది. చాయ్ తాగి, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఖాందాన్‌లో మళ్లీ పాత బహస్ మొదలైంది. ముప్పై ఏళ్ల పాత జీపు. మామూకు ఒక కంట్లో మోతియాబిందు, రెండు మోకాళ్లకూ దర్దు. ఇంకా ఎందుకు పెట్టుకోవడం? నన్ను కూడా అడిగారు, "నువ్వు పేపరోడివి కదా, నువ్వు చెప్పు" అని. నేను అక్కడ ఏమీ అనలేదు. ఇక్కడ రాస్తున్నా.

*

మా మామూ సౌదీలో పంతొమ్మిదేళ్లు హౌస్ డ్రైవర్. హాయిల్ అనే ఊరు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో ఈ వాక్యానికి తష్రీహ్ అక్కర్లేదు. ప్రతి గల్లీలో ఒక ఇఖామా ఉంది, ప్రతి అల్మారీలో ఒక పాత పాస్‌పోర్టు ఉంది. రెండేళ్లకోసారి రెండు నెలల ఛుట్టీ. నా చిన్నప్పటి యాదుల్లో మామూ అంటే ఒక పెద్ద సూట్‌కేసు, టాంగ్ డబ్బా, జాయ్‌నమాజ్, తిరిగి వెళ్లే రోజు అమ్మీ ఏడుపు. అంతే.

మనవాళ్లు గల్ఫ్‌లో డ్రైవర్ అంటే పిల్లల్ని స్కూల్లో దింపడం, బేగం సాహెబాను బజారుకు తీసుకెళ్లడం అనుకుంటాం. అది ఉంది. మగర్ చలికాలం వస్తే ఇంకో పని మొదలయ్యేది. అరబ్బులకు సర్దీ అంటే రేగిస్తాన్‌లోకి వెళ్లే మౌసమ్. ఎండాకాలంలో అక్కడ నిలబడలేరు. డిసెంబర్, జనవరిలో ఖైమాలు, కట్టెలు, గొర్రె, గహ్వా సామాను అంతా బండ్లకెక్కించి ఇసుకలోకి పోతారు. దాన్ని కష్తా అంటారు. హాయిల్‌కు ఉత్తరాన నఫూద్ అనే ఎర్ర ఇసుక ఎడారి మొదలవుతుంది. రాత్రిళ్లు వేళ్లు కొంకర్లు పోయే చలి. పొద్దున లేస్తే ఒక్కోసారి అద్దం మీద పల్చటి మంచు పొర.

మా మామూ అక్కడ నేర్చుకున్నారు బండి నడపడం. ఆయన మాటల్లోనే చెప్తా: "రోడ్డు మీద నడిపేటోడు డ్రైవర్ కాదు బేటా. రోడ్డు అయిపోయిన కాడ నడిపేటోడు డ్రైవర్."

ఆయన లుగత్‌లో కొన్ని లఫ్జులు ఉన్నాయి, మా ఇంట్లో పిల్లలకు కూడా వచ్చేశాయి. డబల్ అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ తాకత్ పోవడం, అంటే ఫోర్‌ వీల్ డ్రైవ్. కఫర్ అంటే టైరు. తగ్రీజ్ అంటే బండి ఇసుకలో దిగబడిపోవడం. తన్సీమ్ అంటే ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించడం. రోడ్డు మీద 30 పైన ఉండే గాలిని 15, 18కి దించేస్తారు. టైరు చపాతీలా పరుచుకుంటుంది, నేలను తాకే జాగా పెరుగుతుంది, బండి బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది. ఒంటె పాదం చూశారా? అదే హిక్మత్. అల్లాహ్ ఒంటెకు పుట్టుకతోనే ఇచ్చింది మనిషి గేజ్ పెట్టి కొలుచుకుంటున్నాడు.

ఇంకో లఫ్జ్ ఉంది. ఇస్తిమారా. బండి రిజిస్ట్రేషన్ కార్డు. మన ఆర్‌సీ లాంటిది. పంతొమ్మిదేళ్లలో మామూ మూడు ల్యాండ్ క్రూజర్లు, ఒక హైలక్స్ నడిపారు. ఆ బండ్ల ఏ బోల్టు ఎప్పుడు లూజ్ అవుతుందో ఆయనకు తెలుసు. ఇస్తిమారాలు మాత్రం కఫీల్ పేరు మీదే. జేబులో పెట్టుకుని తిరిగేది మామూ, మాలిక్ ఇంకొకరు. ఆయన ఇది షికాయత్‌లా ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి మాత్రం అన్నారు: "పంతొమ్మిదేళ్లు వేరేవాళ్ల పేరు జేబులో పెట్టుకుని తిరిగిన."

2018 జూన్ 24న సౌదీలో ఔరతులకు డ్రైవింగ్ ఇజాజత్ వచ్చింది. కఫీల్ పెద్ద కూతురు లైసెన్స్ తెచ్చుకుంది. రివర్స్ చేయడం నేర్పింది మా మామూనే. "మషాఅల్లాహ్, మంచిగ నడిపింది" అని ఫోన్‌లో ఖుషీగా చెప్పారు. ఆ సంవత్సరం చివర్లో ఇఖామా రెన్యూ కాలేదు. ఫైనల్ ఎగ్జిట్. ఆ అమ్మాయి మీద మామూకు ఈరోజు వరకు రంజిష్ లేదు. "దాని బండి అది నడుపుకుంటది. హఖ్ కదా" అంటారు.

*

వచ్చిన రెండో నెలలోనే మామూ అన్నారు, "భాంజే, ఒక పాత జీపు చూడు. డబల్ ఉండాలి."

ముమానీ ఇల్లు అదిరిపోయేలా అరిచింది. కూతురి నికాహ్ అప్పు ఇంకా మిగిలి ఉంది. వంటింటి రేకులు కారుతున్నాయి. "అక్కడ కఫీల్ బండి నాకు సౌత్. ఇక్కడికొచ్చినంక ఇంకో సౌత్‌ను తెస్తావా?" అంది. ఆమె మాటలో తప్పేముంది? పంతొమ్మిదేళ్లు ఒంటరిగా ముగ్గురు పిల్లల్ని పెంచింది. నేను కూడా మామూకు నచ్చజెప్పాలని చూశా. సెకండ్ హ్యాండ్ ఆటో తీసుకోండి, రోజుకు నాలుగు పైసలు వస్తాయి అన్నా. ఆయన విన్నారు, తల ఊపారు. మళ్లీ మరుసటి రోజు అదే మాట: "ఒక జీపు చూడు."

జీపు అంటే మన పాత తరానికి పోలీసు, ఫారెస్టు, తహసీల్దార్. తర్వాత ఊళ్ల మధ్య జనాన్ని కుక్కి తిప్పే కమాండర్లు. దాని వెనక ఒక తారీఖ్ ఉంది, మన పిల్లలకు తెలియాలి. ఈ మహీంద్రా కంపెనీ 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఇద్దరు మహీంద్రా సోదరులతో పాటు మాలిక్ గులాం ముహమ్మద్ అందులో షరీక్. ఆయన మన నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మనిషి కూడా. తఖ్సీమ్ తర్వాత ఆయన పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ మొదటి అక్షరాలు ఎం అండ్ ఎం మాత్రం మారలేదు. విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం 1947లో మొదలైంది. మామూకు ఈ కిస్సా చెప్తే చాలాసేపు నవ్వారు. "అంటే సగం మనదే అన్నమాట. సగం ధరకు ఇయ్యమను" అన్నారు.

ఆరు జీపులు చూశాం. అప్పుడు నాకు తెలిసింది, జీపు ఆకారం ఉన్నదంతా డబల్ కాదు. మన వైపు తిరిగిన జీపుల్లో చాలావాటికి వెనక చక్రాలకే ఇంజన్ తాకత్. కొన్నింటికి ఒకప్పుడు డబల్ ఉండేది, స్పేర్లు దొరక్క ముందు షాఫ్ట్ తీసేసి పక్కన పడేశారు. లీవరు మాత్రం అలాగే ఉంటుంది, చూసేవాళ్లు ధోకా తింటారు. మామూ ఏ జీపు దగ్గరికి పోయినా ముందు పెయింట్ చూడరు. జాక్ పెట్టి ముందు చక్రాలు రెండూ లేపిస్తారు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెడతారు. డబల్‌లో వేసి, ముందు షాఫ్ట్‌ను చేత్తో తిప్పి పట్టు ఉందా లేదా చూస్తారు. తర్వాత ముందు ఇరుసు, వెనక ఇరుసు ఆయిల్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూస్తారు. ఆయిల్ పాలు కలిసిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయన్నమాట. ఇరుసు వేడి మీద ఉండగా చల్లటి నీళ్లలో దించితే అది లోపలికి నీళ్లు పీలుస్తుంది. ఆఖర్న నా వంతు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో కలిపి చూడటం, ఫైనాన్స్ లోన్ తీరిపోయినట్టు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడటం.

ఏడోది సిరిసిల్లలో దొరికింది. సాంచెలు నడిపే ఒక ఆసామి దగ్గర. ఆయన తండ్రి షౌక్‌తో కొన్నది, తండ్రి పోయాక షెడ్డులో నూలు బీముల పక్కన పడి ఉంది. ఎంఎం 540, 1995 మోడల్. ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ. పైకప్పు చిరిగిపోయింది, సీట్లలో ఎలుకలు. లేకిన్ ముందు ఇరుసు సలామత్. మామూ వేలు తీసి చూపించారు. ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది. లక్షా నలభై వేలకు మాట కుదిరింది. ఆసామి బయానా తీసుకుంటూ, "మా బాపు బండి భాయ్, ఇనుపోళ్లకు మాత్రం అమ్మకు" అన్నాడు. మామూ ఆయన చెయ్యి పట్టుకుని "ఇన్షాఅల్లాహ్" అన్నారు.

వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు తెచ్చాం. స్టీరింగ్‌లో అరచేయంత ప్లే. గంటకు ముప్పై దాటలేదు. రుద్రంగి గుట్టల దగ్గర అసర్ టైమ్ అయింది. పక్కకు ఆపి రుమాల్ పరుచుకుని నమాజ్ చదువుకున్నాం. నెల తర్వాత ఆర్‌సీ మామూ పేరు మీదికి మారి వచ్చింది. దాన్ని ఆయన పాత ఇఖామా ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టుకున్నారు.

*

జీపును నడిచేలా చేయడానికి ఐదు నెలలు పట్టింది. మన కుర్రాళ్లు పాత జీపు అంటే ఏం చేయిస్తారో మీకు తెలుసు. లారీ అంత టైర్లు, ముందు పెద్ద ఇనుప గార్డు, పైన ఎనిమిది లైట్లు, బరాత్‌లో డీజే. ఎవరో నా తమ్ముడి వరస అబ్బాయి అదే లిస్టు రాసుకొచ్చాడు. మామూ చూసి, మడిచి వాడి జేబులోనే పెట్టారు.

ఖానూన్ కూడా మామూ వైపే ఉంది. ముందు గార్డులను కేంద్రం 2017 డిసెంబర్లోనే మనా చేసింది. గుద్దుకున్నప్పుడు నడిచేవాడి ప్రాణం తీస్తుంది, బండిలో ఉన్నవాడికీ దెబ్బ ఎక్కువ చేస్తుంది. కంపెనీ ఇచ్చిన అసలు నమూనాను ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఆ వార్త చదివి వినిపిస్తే మామూ అన్నారు, "కోర్టు ఇప్పుడు చెప్పింది. ఇసుక ఎప్పుడో చెప్పింది." పెద్ద టైరు వేస్తే ఇరుసు మీద బోఝ్ పెరుగుతుంది, బ్రేకుకు దూరం పెరుగుతుంది, బండి ఎత్తై పక్కకు పడే ఖత్రా పెరుగుతుంది. ఇదీ ఆయన హిసాబ్.

ఆయన ఖర్చు పెట్టింది ఎవరికీ కనపడని చోట. నాలుగు చక్రాల డ్రమ్ బ్రేకులు, స్టీరింగ్ బాక్స్, కమాన్ కట్టలు, రేడియేటర్, ఇరుసు సీళ్లు, కంపెనీ కొలతలోనే గాట్లున్న నాలుగు సన్నటి టైర్లు. పైకప్పుకు కోరుట్లలోనే రెగ్జిన్ కుట్టించాం. వెనక డబ్బాలో ఒక పార, రెండు మందపాటి చెక్క పలకలు, జాక్, మోకు, గాలి కొట్టే పంపు, గేజ్, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. పలకలు రెండు పనులకు వస్తాయి. మెత్తటి నేలలో జాక్ కింద, దిగబడితే చక్రం కింద.

చలికాలంలో దాని నఖరా వేరు. డిసెంబర్, జనవరిలో మన జగిత్యాల వైపు తెల్లవారుజామున వణుకు పుడుతుంది కదా, ఈ పాత డీజిల్ ఇంజన్‌కూ అంతే. లోపల హీటర్ ప్లగ్గులు ఉంటాయి. అవి ఎర్రగా కాలే దాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. తొందరపడితే బ్యాటరీ ఖతం. ఫజర్‌కు వెళ్లేటప్పుడు మామూ తాళం తిప్పి, కళ్లు మూసుకుని ఒక ఆయతుల్ కుర్సీ చదువుతారు. అది పూర్తయ్యేసరికి ప్లగ్గులు వేడెక్కుతాయి. మెకానిక్ చెప్పిన టైమ్ కంటే ఇది ఎక్కువే. ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు.

నాకు నేర్పిన మొదటి పాఠం: పొడి తారు రోడ్డు మీద డబల్ వేయకు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం పోతాయి. ఈ జీపులో రెండింటి మధ్య తేడాను సర్దే ఏర్పాటు లేదు. ఇసుకలో, బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, లోపల గేర్లు బిగుసుకుని విరుగుతాయి. "తాకత్ ఉంది కదా అని ఎప్పుడూ వాడేది కాదు" అన్నారు.

అలాగని మామూకు అన్నీ తెలుసని కాదు. మొదటి వానాకాలం కోరుట్ల బయట ఒక చెలకలోకి, దోస్తు మొక్కజొన్న చూద్దామని దింపారు. రేగడి నేల. ఇసుక లెక్కే అనుకుని గాలి తగ్గించారు. రేగడి టైరు గాట్లలో నిండి చక్రం నున్నటి గుండులా అయిపోయింది. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి దిగబడుతోంది. ఆఖరికి పక్క రైతు ట్రాక్టర్ తెచ్చి గుంజాడు. మోకు కడుతూ, "గిది రేగడి సాబ్, మీ సౌదీ ఇసుక గాదు. ఆరినంక రావాలె" అన్నాడు. మామూ బురద ముఖంతో ఆయనకు సలాం కొట్టారు. ఆ తర్వాత ఆ రైతు దగ్గరికే రెండు మూడు సార్లు పోయి ఏ నేల ఎన్ని రోజులకు ఆరుతుందో అడిగి తెలుసుకున్నారు. మానేరు ఇసుకలో మాత్రం ఆయన తన్సీమ్ పనిచేసింది. నదికో ఉస్తాద్, చెలకకో ఉస్తాద్.

*

ఇప్పుడు నేను చెప్పాల్సిన అసలు విషయం. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

2022 జులై రెండో వారం. ఆ వానలు మీకు యాద్ ఉండే ఉంటాయి. గోదావరి పొంగింది. కడెం ప్రాజెక్టు గేట్లు పంపగలిగిన దానికంటే ఎక్కువ నీళ్లు వస్తున్నాయి, కట్ట ఉంటుందో పోతుందో అని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. జగిత్యాల జిల్లాలో చెరువులు అలుగు పారుతున్నాయి, వాగులు రోడ్ల మీదుగా పోతున్నాయి. డెస్క్ నుంచి ఫోన్ మీద ఫోన్. "ఫొటోలు ఏవి? అందరికీ వచ్చాయి, మనకే రాలేదు."

నా మోటార్ సైకిల్ ఆ వానలో పనికిరాదు. మామూను అడిగా. ఆయన రెండో మాట లేకుండా తాళం తీశారు. గోదావరి వైపు బయల్దేరాం. రెండు చోట్ల రోడ్డు మీద చెట్లు పడి ఉంటే పక్క మట్టిలోంచి డబల్ వేసి దాటించారు. అక్కడ నా గురూర్ మొదలైంది. మా దగ్గర జీపు ఉంది, మాకు అడ్డం ఏముంది అని.

ఒక వాగు దగ్గర ఆగాం. కిందికి ఉన్న చిన్న వంతెన మీదుగా ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. అవతలి గట్టు కనిపిస్తోంది. వంతెన రాళ్లు ఒకటి రెండు పైకి కనిపిస్తున్నాయి. నా అందాజా మోకాలు లోతు. అవతల రెండు కిలోమీటర్లు పోతే నాకు కావలసిన ఊరు.

మామూ ఇంజన్ బంద్ చేయకుండా దిగారు. ఒక కట్టె విరిచి నీళ్లలో వేశారు. అది వంతెన దాటి పక్కకు ఎంత తేజ్‌గా పోయిందో చూశారు. వచ్చి కూర్చుని రివర్స్ వేశారు.

"మామూ, మోకాలు కూడా లేదు" అన్నా.

"నక్కో బేటా."

"డబల్ ఉంది కదా!"

"డబల్ నేలకు. నీళ్లకు కాదు."

నాకు కోపం ఆగలేదు. పెద్ద గొంతుతో అన్నా: "మరి ఈ డబ్బా ఎందుకు కొన్నట్టు? ముమానీ చెప్పిందే నిజం. లక్షన్నర పెట్టి షో పీసు కొన్నారు." ఆయన ఏమీ అనలేదు. అద్దంలో వెనక్కి చూసుకుంటూ, జాగ్రత్తగా బండి తిప్పారు. కోరుట్ల దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆఫీసులో ఆ రోజు నాకు బాగానే పడ్డాయి.

అదే వరదల్లో, మా జిల్లాలోనే, వార్త కోసం పోయి తిరిగి వస్తున్న ఒక పాత్రికేయుడి కారు వాగులో కొట్టుకుపోయింది. రెండు మూడు రోజులు వెతికితే గానీ మయ్యత్ దొరకలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయన ఖాందాన్ దుఃఖం మీద నేను ఇక్కడ ఏమీ రాయను. నేను అనుకున్నది ఒక్కటే. వాగు ముందు ఆయన కూడా నాలాగే మనిషి. డెస్క్ ఫోన్లు, అవతలి గట్టు, కళ్లకు తక్కువగా కనిపించే నీళ్లు. ఆయనలో, నాలో తేడా తెలివి కాదు. నా పక్కన ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్నది మా మామూ. అంతే తేడా.

తర్వాత చదివి తెలుసుకున్నా. పారే నీళ్లు ఒక అడుగు లోతు ఉంటే చిన్న కార్లను తోసుకుపోతాయి. రెండడుగులు ఉంటే పెద్ద బండ్లను కూడా. బండి ఎంత నీటిని పక్కకు తోస్తే ఆ నీటి బరువంత తేలికైపోతుంది. చక్రాలు నేల మీద పట్టు వదిలేస్తాయి. పట్టు లేనప్పుడు రెండు చక్రాలకు తాకత్ పోతేనేం, నాలుగింటికి పోతేనేం? పైగా ఎర్ర నీళ్ల కింద వంతెన ఉందో, రాత్రికి రాత్రి కోసుకుపోయిందో ఎవరికి కనిపిస్తుంది?

ఇషా తర్వాత మామూ ఇంటికి వెళ్లా. మాఫీ అడిగా. ఆయన పక్కకు జరిగి తఖ్త్ మీద చోటిచ్చారు. చాలాసేపటికి చెప్పారు. హాయిల్ వైపు వాన అరుదు. కురిస్తే ఎండిపోయిన వాదీలో ఒక్కసారిగా నీళ్లు వస్తాయి. దాన్ని సైల్ అంటారు. మన సైలాబ్‌లో ఉన్న సైల్ అదే. ఒక సర్దీలో కఫీల్ తమ్ముడు మామూ కళ్ల ముందే కొత్త ల్యాండ్ క్రూజర్‌తో సైల్‌లోకి దిగాడు. "మూడు టన్నుల బండి బేటా. అగ్గిపెట్టె లెక్క తిరిగింది. మనిషి బతికిండు, అల్లాహ్ దయ. బండి మళ్ల కనిపించలే." కాసేపు ఆగి అన్నారు, "ఆ రోజు దిగమన్నోడు మాలిక్. నేను నౌకర్. వద్దని అన్నా, ఇనలే. ఇయ్యాల బండి నాది. వద్దంటే వద్దు."

జీపు ఎందుకు కొన్నారో నాకు అప్పుడు అర్థమైంది. ఎక్కడికైనా పోవడానికి అనుకున్నా నేను. వద్దు అనే ఇఖ్తియార్ కోసం కొన్నారు ఆయన.

నీళ్లు తగ్గిన మూడో రోజు ఆ జీపుకు పని పడింది. మస్జిద్ కమిటీ పిల్లలు బియ్యం, దుప్పట్లు, మందులు జమ చేశారు. వాగు పక్క ఊళ్లలో బురద మీద ఆటోలు పోవడం లేదు. ముమానీ పొద్దున నాలుగింటికి లేచి రెండు దేగులు ఖిచిడీ వండింది. మామూ లో గేర్‌లో, నడిచే మనిషి వేగంతో, ఆగకుండా, తొక్కకుండా పోయారు. నీళ్లు దాటిన ప్రతి చోటా బ్రేకును కొద్దికొద్దిగా తొక్కి తడి ఆరబెట్టారు. మజ్‌హబ్ అడగకుండా దేగు ఖాళీ అయింది. సాయంత్రం ముమానీ బకెట్ నీళ్లు తెచ్చి తన చేత్తో జీపు కడిగింది. ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి సౌత్ అనే మాట మళ్లీ వినలేదు.

*

ఇప్పుడు హిసాబ్. 15 ఏళ్లు దాటిన కారు ఆర్‌సీ రెన్యూవల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000. 2025లో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. దాని మీద బీమా, ఫిట్‌నెస్ కోసం చేయించే పనులు వేరు. పాత బండ్లు పొగ ఎక్కువ వదులుతాయి, సర్కారు వాటిని తగ్గించాలనుకుంటోంది. అందులో నాకు పెద్ద ఏతరాజ్ లేదు. ఖర్చు చూస్తే కబాడీ ఆయన మాటే సహీ.

మామూ నన్ను పిలిచి, "నీ పేరు మీద రాయించుకో భాంజే. నాకు కళ్లు పోయినయి" అన్నారు. నేను సోచాయించా. నాకు ఆశ లేదని చెప్పను. ముమానీ వంటింట్లోంచి విన్నది. బీసీ డబ్బులు పది వేలు, కాగితంలో చుట్టినవి, తెచ్చి తఖ్త్ మీద పెట్టింది. "పేరు ఆయనదే ఉండనీ. నడిపేది నువ్వు నడుపు" అంది.

పని అయిపోయింది. ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు వచ్చింది, మామూ పేరు మీదే. ఇప్పుడు నేనే డ్రైవర్‌ను. ఫజర్‌కు తీసుకెళ్తున్నా. ఇంకొకరి పేరున్న కార్డు జేబులో పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో నాకూ తెలుస్తోంది. కాకపోతే ఈ మాలిక్ పక్క సీట్లోనే కూర్చుని, హీటర్ ప్లగ్గుల కోసం ఆయతుల్ కుర్సీ చదువుతారు.

మీ ఇళ్లలో కూడా గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మామూలు, చిచ్చాలు, అబ్బాలు ఉంటారు. వాళ్లు ఏదో ఒక పనికిరాని వస్తువు కొంటే, తిట్టే ముందు ఒకసారి పక్కన కూర్చుని అడగండి, ఎందుకు అని. రాబోయే వానాకాలంలో ఏ వాగు ముందు నిలబడ్డా, మీ బండి ఎంత పెద్దదైనా సరే, మామూ మాట యాద్ చేసుకోండి. డబల్ నేలకు. నీళ్లకు కాదు.

మామూ కంటి ఆపరేషన్ వచ్చే నెలలో ఉంది. దువాలో యాద్ పెట్టుకోండి.

ఖుదా హాఫిజ్.